వైరలా, బ్యాక్టీరియలా: డాక్టరు కంటే ముందు ఒంటికి ఎలా తెలుస్తుంది?

వానలు మొదలయ్యాక విజయవాడ సూర్యారావుపేటలో గానీ, గుంటూరు కొత్తపేటలో గానీ ఏ క్లినిక్‌కు వెళ్లినా కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చున్న జనం కనిపిస్తారు. అందరి చేతుల్లోనూ ల్యాబ్ కవర్లు. పక్కవాళ్ల రిపోర్టుతో తమది పోల్చి చూసుకుంటుంటారు. "మీకు కౌంటు ఎంత వచ్చింది?" "పద్నాలుగు వేలు." "మావాడికి మూడు వేలేనండీ." ఎక్కువ వచ్చినవాళ్లకూ టెన్షనే, తక్కువ వచ్చినవాళ్లకూ టెన్షనే. లోపలికి వెళ్లగానే దాదాపు అందరూ అడిగేది ఒకటే: "ఇది వైరలా అండీ, బ్యాక్టీరియలా?"

ఆ ప్రశ్నకు డాక్టరు కంటే ముందు, చాలాసార్లు జ్వరం కంటే కూడా ముందు, ఒళ్లు తన జవాబు తాను చెప్పేసి ఉంటుంది. రిపోర్టులో తెల్ల రక్తకణాల లెక్కగా పద్నాలుగు వేలో మూడు వేలో అని కనిపించేది ఆ జవాబు తాలూకు జాడే. అది ఎలా తయారవుతుందో, క్రిములు దాన్ని ఎలా పక్కదారి పట్టిస్తాయో తెలిస్తే ఆ అంకెలు కొంచెం అర్థమవుతాయి. కోవిడ్ తర్వాత "ఇమ్యూనిటీ" అన్న మాట ప్రతి ఇంట్లోకీ వచ్చింది. దాంతోపాటు, అది మేడ మీది ట్యాంకులో నీళ్లలాంటిదని, ఎంత నింపుకుంటే అంత మంచిదని ఒక నమ్మకం కూడా వచ్చేసింది. ఒంట్లో జరిగేదాన్ని దగ్గరగా చూస్తే ఎంత ఉందన్న లెక్క కంటే, దేన్ని గుర్తుపట్టింది, ఎప్పుడు కదిలింది, ఎప్పుడు ఆగింది అన్నవే రోగి గతిని తేలుస్తాయి.

### ముందు నాలుగు మాటల అర్థాలు

బ్యాక్టీరియా అంటే ఒంటరిగా బతికే ఒక కణం. దానికి సొంత గోడ ఉంది, సొంత వంటిల్లు ఉంది, తనంతట తాను రెండుగా చీలి పెరుగుతుంది. పాలను పెరుగు చేసేది బ్యాక్టీరియానే, టైఫాయిడ్‌నీ క్షయనీ తెచ్చేదీ బ్యాక్టీరియానే. వైరస్ దానికంటే చాలా చిన్నది. డెంగీ వైరస్ అడ్డం కొలిస్తే 50 నానోమీటర్లు. ఇరవై డెంగీ వైరస్‌లను వరసగా పేరిస్తే ఒక మైక్రాన్, అంటే ఒక చిన్న బ్యాక్టీరియా అంత. వైరస్‌కు వంటిల్లు లేదు. కాస్త డీఎన్ఏ గానీ ఆర్ఎన్ఏ గానీ, దాని చుట్టూ ప్రోటీన్ తొడుగు, అంతే. మన కణంలోకి దూరి, మన సరుకులతో, మన పొయ్యి మీదే తన వంట వండించుకుంటుంది. యాంటీబయోటిక్స్ దెబ్బకొట్టేది బ్యాక్టీరియా గోడనో, దాని వంటింటినో. వైరస్‌కు ఆ రెండూ లేవు కాబట్టి వైరల్ జ్వరానికి ఆ మందులు పనిచేయవు.

మన రక్షణ రెండు అంచెల్లో ఉంటుంది. ఒకటి పుట్టుకతో వచ్చేది. క్రిమి లోపలికి వచ్చిన నిమిషాల్లో, గంటల్లో కదులుతుంది. ఏ క్రిమికి ఆ క్రిమి అని వేరుగా నేర్చుకోదు. రెండోది నేర్చుకునేది. యాంటీబాడీలు, టి కణాలు ఇందులోకి వస్తాయి. కొత్త క్రిమి మీద ఇది పూర్తిగా సిద్ధం కావడానికి వారం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. కానీ ఒకసారి నేర్చుకుంటే గుర్తుపెట్టుకుంటుంది. టీకాలు పాఠం చెప్పేది ముఖ్యంగా దీనికే. ఈ వ్యాసం మొదటి అంచె గురించి. మొదటి వారం రోజులు మనల్ని బతికించి ఉంచేది అదే అయినా దాని గురించి మాట్లాడుకునేది తక్కువ.

### మిర్చి యార్డులో వచ్చే తుమ్ము

గుంటూరు మిర్చి యార్డులో మొదటిసారి అడుగుపెట్టినవాళ్లకు ఏమవుతుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. తుమ్ములు, దగ్గు, కళ్ల వెంట నీళ్లు, ముక్కు కారడం. అక్కడ క్రిమి ఏదీ లేదు. ఎండుమిర్చిలోని క్యాప్సైసిన్ ముక్కులో, గొంతులో ఉన్న నరాల చివర్లను తాకింది. ఒళ్లు మాత్రం వచ్చినదాన్ని కడిగి బయటికి తోసే పని మొదలుపెట్టింది. క్రిమి వచ్చినా మొదట చేసేది ఇలాంటి పనే.

శ్వాసనాళాల లోపలి గోడ మీద జిగురు పొర ఉంటుంది. దాని అడుగున సన్నని నూగులాంటి సీలియా ఎప్పుడూ ఒకే దిక్కుకు ఊగుతూ ఆ జిగురునూ అందులో చిక్కుకున్న దుమ్మునూ క్రిములనూ గొంతు వైపు తోస్తుంటాయి. మనకు తెలియకుండానే దాన్ని మింగేస్తాం, కడుపులోని ఆమ్లం మిగతా పని చూసుకుంటుంది. సిగరెట్టు పొగ దెబ్బతీసేది ఈ సీలియానే. కన్నీళ్లలో, ఉమ్మిలో లైసోజైమ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది బ్యాక్టీరియా గోడను కోస్తుంది. దాన్ని 1922లో కనిపెట్టింది అలెగ్జాండర్ ఫ్లెమింగ్. ఆయనకు పేరు తెచ్చిన పెన్సిలిన్ దొరికింది ఆ తర్వాత ఆరేళ్లకు. కోయడానికి వైరస్‌కు అలాంటి గోడ లేదు. అంటే బ్యాక్టీరియాకూ వైరస్‌కూ తేడా కంటి తడి దగ్గరే మొదలవుతుంది.

### ముల్లు గుచ్చుకున్న చోట ఏం జరుగుతుంది

1882లో ఇల్యా మెచ్నికోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త ఇటలీలోని మెస్సినాలో, అద్దంలా లోపలంతా కనిపించే నక్షత్రచేప పిల్లలోకి గులాబీ ముల్లు గుచ్చి చూశాడు. మర్నాటికి ముల్లు చుట్టూ కదిలే కణాలు మూగి ఉన్నాయి. పరాయి వస్తువును మింగేసే కణాలు ఒంట్లో ఉంటాయన్న ఆలోచన అక్కడ బలపడింది. ఆ రోజుల్లో మరో పక్షం రక్షణ అంతా రక్తంలో కరిగి ఉన్న పదార్థాలదేనని వాదించేది. 1908లో నోబెల్ కమిటీ వైద్య బహుమతిని మెచ్నికోవ్‌కూ అవతలి పక్షంలోని పాల్ ఎర్లిక్‌కూ కలిపి ఇచ్చింది. తర్వాతి వందేళ్లూ ఇద్దరు చెప్పిందీ నిజమేనని తేల్చాయి.

మన కాల్లో తుమ్మముల్లు దిగినా జరిగేది అదే. చర్మం కింద కాపురమున్న మాక్రోఫేజ్ అనే పెద్ద తిండిపోతు కణాలు ముల్లుతో వచ్చిన బ్యాక్టీరియాను మింగడం మొదలుపెట్టి, సైటోకైన్లు అనే రసాయన కబుర్లు పంపుతాయి. ఆ కబురందగానే చుట్టుపక్కల రక్తనాళాలు వెడల్పవుతాయి, వాటి గోడలు వదులవుతాయి. ఎర్రదనం, వేడి, వాపు, సలుపు వచ్చేది అందుకే. వదులైన గోడల్లోంచి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు గంటల్లో దిగుతాయి. రక్తంలో ఉండే కాంప్లిమెంట్ అనే ప్రోటీన్లు బ్యాక్టీరియాకు అంటుకుని, ఇదిగో ఇదే తినాల్సింది అని గుర్తు పెడతాయి. రెండు మూడు రోజులకు కనిపించే చీములో ఎక్కువ భాగం పని ముగించి చచ్చిన న్యూట్రోఫిల్సే. రక్తంలోకి వచ్చాక అవి బతికేది మహా అయితే ఒకటి రెండు రోజులు. అందుకే ఎముక మూలుగ రోజుకు పదివేల కోట్ల దాకా కొత్తవి తయారుచేస్తూనే ఉంటుంది.

### వేషం చూసి ఒకటి, ఉన్న చోటు చూసి ఒకటి

ఇంతకీ మాక్రోఫేజ్‌కు ఇది క్రిమి, ఇది మన సొంత కణం అని ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్న చాలాకాలం ఎవరినీ పెద్దగా పట్టలేదు. 1989లో అమెరికాలో చార్లెస్ జేన్వే ఒక ఊహ చెప్పాడు: క్రిముల దగ్గర అవి వదులుకోలేని కొన్ని వస్తువులు ఉంటాయి, వాటిని తాకి పసిగట్టే రిసెప్టర్లు మన కణాల మీద పుట్టుకతోనే ఉండి తీరాలి. 1996లో జూల్స్ హాఫ్‌మన్ బృందం పండ్ల ఈగల్లో టోల్ అనే జన్యువు చెడితే అవి బూజు సోకి చచ్చిపోతున్నాయని చూపించింది. 1998లో బ్రూస్ బ్యూట్లర్ బృందం ఎలుకల్లో దాని చుట్టమైన టీఎల్ఆర్4 (టోల్ లాంటి రిసెప్టర్ 4)ను పట్టుకుంది. ఈ ఇద్దరికీ, క్రిమి ఆనవాళ్లను రెండో అంచెకు చూపించే డెండ్రైటిక్ కణాలను కనుగొన్న రాల్ఫ్ స్టైన్‌మన్‌కూ కలిపి 2011లో నోబెల్ వచ్చింది. ప్రకటనకు మూడు రోజుల ముందే స్టైన్‌మన్ చనిపోయాడు. కమిటీకి ఆ సంగతి తెలియదు.

మనుషుల్లో ఇలాంటి టోల్ రిసెప్టర్లు పది. టైఫాయిడ్ బ్యాక్టీరియా, ఈ-కోలై లాంటి వాటి పైపొరలో కొవ్వూ చక్కెరా కలిసిన ఎల్‌పీఎస్ అనే పదార్థం ఉంటుంది. టీఎల్ఆర్4 దాన్ని పట్టుకుంటుంది. బ్యాక్టీరియా ఈదడానికి వాడే తోకలోని ప్రోటీన్‌ను టీఎల్ఆర్5 పట్టుకుంటుంది. మన ఒంట్లో ఎక్కడా అలాంటి కొవ్వు లేదు, అలాంటి తోక లేదు. కాబట్టి పని తేలిక.

వైరస్‌తో చిక్కంతా ఇక్కడే. దాన్ని తయారుచేసింది మన కణమే, మన సరుకుతోనే. చాలా వైరస్‌ల పైపొర కూడా మన కణం నుంచి చింపుకుపోయిందే. పెళ్లింట్లో అందరూ పట్టుబట్టలే కట్టుకుంటే వేషం చూసి దొంగను పట్టలేం. అర్ధరాత్రి బీరువా ఉన్న గదిలో ఏం చేస్తున్నాడన్నదే ఆధారం. కణం కూడా అలాగే చేస్తుంది. డీఎన్ఏ ఉండాల్సింది కేంద్రకంలో. అది బయట కణద్రవంలో కనిపిస్తే అలారం. మన ఆర్ఎన్ఏ చివర టోపీలాంటి ఒక రసాయన గుర్తు ఉంటుంది. టోపీ లేని ఆర్ఎన్ఏ గానీ, పొడవాటి జంట పోగుల ఆర్ఎన్ఏ గానీ కనిపిస్తే మళ్లీ అలారం. అందుకే బ్యాక్టీరియాను పట్టే రిసెప్టర్లు ఎక్కువగా కణం పైన కాపు కాస్తే, వైరస్‌ను పట్టేవి ఎక్కువగా కణం లోపల ఉంటాయి.

అలారం మోగాక వచ్చే కబురు కూడా వేరు. వైరస్ సోకిన కణం ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్‌ను వదులుతుంది. 1957లో లండన్‌లో అలిక్ ఐజాక్స్, జాన్ లిండెన్‌మన్ దీన్ని కనుగొన్నారు. ఇంటర్‌ఫెరాన్ తగిలిన పక్క కణాలు వందల జన్యువులను మేల్కొలిపి తమ వంటింటి పొయ్యి తగ్గించుకుంటాయి. వైరస్ లోపలికి వచ్చినా వండించుకోవడానికి ఏమీ దొరకదు. ఫ్లూ, డెంగీల్లో వచ్చే ఒళ్లు నొప్పులు, నీరసం, చలి వైరస్ నేరుగా చేసినవే అనుకుంటాం. ఒకప్పుడు హెపటైటిస్-సి రోగులకు ఇంటర్‌ఫెరాన్‌ను ఇంజెక్షన్‌గా ఇచ్చేవారు. ఏ ఫ్లూ వైరసూ లేకుండానే వాళ్లకు అచ్చం ఫ్లూ లక్షణాలే వచ్చేవి. ఈ ఒక్క సంగతి తెలిశాక నాకు జ్వరాన్ని చూసే తీరే మారిపోయింది.

### మూడు రిపోర్టులు, ఒక లెక్క

ఇప్పుడు క్లినిక్ మెట్ల మీదికి తిరిగి వద్దాం. ఉదాహరణ కోసం మూడు రిపోర్టులు అనుకుందాం. కౌంటు చూసేటప్పుడు శాతాలతో ఆగకుండా గుణించి చూడాలి.

మొదటి రిపోర్టు: తెల్ల కణాలు 14,800, అందులో న్యూట్రోఫిల్స్ 84 శాతం. గుణిస్తే 12,432. పెద్దవాళ్లలో ఇది సుమారు 2,000 నుంచి 7,000 మధ్య ఉండాలి. గొంతులో చీము పొక్కులు, మింగలేనంత నొప్పి. ఎక్కడో బ్యాక్టీరియా గోడ ముక్కలు దొరికాయి, కబురు మూలుగకు చేరింది, అక్కడ నిల్వ ఉన్న న్యూట్రోఫిల్స్ రక్తంలోకి వచ్చాయి. రక్తనాళాల గోడలకు అతుక్కుని విశ్రాంతిగా ఉన్నవి కూడా కదిలాయి. హడావిడి ఎక్కువైతే పూర్తిగా ఎదగని పిల్ల కణాలను కూడా మూలుగ బయటికి పంపేస్తుంది.

రెండో రిపోర్టు: తెల్ల కణాలు 3,100, న్యూట్రోఫిల్స్ 45 శాతం, అంటే 1,395. ప్లేట్‌లెట్లు 92,000. కళ్ల వెనక నొప్పి, నాలుగో రోజు జ్వరం. ఇది డెంగీలో తరచూ కనిపించే వరస. ఇంటర్‌ఫెరాన్ ప్రభావంతో లింఫోసైట్లు అనే తెల్ల కణాలు రక్తాన్ని వదిలి లింఫు గ్రంథుల్లోకి వెళ్లిపోతాయి. మూలుగ కూడా కొన్నాళ్లు ఉత్పత్తి తగ్గిస్తుంది. కౌంటు పడిపోయిందంటే ఇమ్యూనిటీ పడిపోయిందని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తుతారు. కౌంటు అన్నది రక్తనాళాల్లో దారి మీద ఉన్నవాళ్ల లెక్క మాత్రమే. గ్రంథుల్లో పనిలో ఉన్నవాళ్లు ఆ లెక్కలోకి రారు.

మూడో రిపోర్టు: తెల్ల కణాలు 5,200, న్యూట్రోఫిల్స్ 58 శాతం, అంటే 3,016. అన్నీ నార్మలే. కానీ జ్వరం తొమ్మిదో రోజు, సాయంత్రం అయ్యేసరికి 103 డిగ్రీలు. రక్తంలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్ పరీక్షలో టైఫాయిడ్ బ్యాక్టీరియా పెరిగింది. బ్యాక్టీరియా అయితే కౌంటు పెరగాలి కదా?

### ముసుగేసుకున్న బ్యాక్టీరియా

ఈ మూడో రిపోర్టే నాకు అన్నిటికంటే ఆసక్తి. టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా టైఫీకి ఒక దగ్గరి చుట్టం ఉంది, సాల్మొనెల్లా టైఫిమ్యూరియం. పాడైన కోడిమాంసం, గుడ్లతో వచ్చే ఫుడ్ పాయిజనింగ్‌కు అది ఒక కారణం. తిన్న ఒకటి రెండు రోజుల్లోనే కడుపునొప్పి, విరేచనాలు. పేగు గోడ దాన్ని వెంటనే గుర్తుపడుతుంది, న్యూట్రోఫిల్స్ పరుగెత్తుకొస్తాయి, పెద్ద గొడవ జరిగి చాలామందిలో వారంలో సద్దుమణుగుతుంది.

టైఫీ అలా రాదు. మురుగు కలిసిన నీళ్లతో లోపలికి వచ్చి, వారం నుంచి మూడు వారాల దాకా చప్పుడు చేయదు. దానికి వీఐ అనే చక్కెర తొడుగు ఉంది. అది లోపలున్న ఎల్‌పీఎస్‌ను కప్పేస్తుంది, టీఎల్ఆర్4కు సరిగ్గా అందనివ్వదు. పేగులో గొడవ లేకుండా లోపలికి జారి, తనను చంపాల్సిన మాక్రోఫేజ్‌లోనే కాపురం పెట్టి, ఆ కణాల మీదే కాలేయానికీ ప్లీహానికీ మూలుగకూ చేరుతుంది. జ్వరం వచ్చేసరికి ఊరంతా చుట్టేసి ఉంటుంది. కౌంటు పెరగకపోవడానికి ఇదొక కారణం. మన టైఫాయిడ్ కాంజుగేట్ టీకాలో పెట్టేది సరిగ్గా ఆ వీఐ తొడుగు ముక్కనే. మొదటి అంచెను మోసం చేసిన ముసుగునే రెండో అంచెకు ముందుగా చూపించి పెట్టడమన్నమాట.

ఈ విద్య ఒక్క టైఫీదే కాదు. క్షయ బ్యాక్టీరియా మాక్రోఫేజ్ మింగిన సంచిలోనే ఉండిపోయి, దాన్ని జీర్ణరసాల సంచితో కలవనివ్వదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ చుట్టుపక్కల కాలనీలు నీటిలో ఉన్నప్పుడు చాలామంది మనసులో మెదిలిన ఎలుక జ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్, ఇంకో రకం. ఎలుకల మూత్రంతో నీళ్లలోకి వచ్చే ఈ బ్యాక్టీరియాకు ఎల్‌పీఎస్ ఉంది గానీ దాని అచ్చు కొంచెం వేరు. ప్రయోగశాల చిట్టెలుకల టీఎల్ఆర్4 దాన్ని గుర్తుపడుతుంది, మనిషి టీఎల్ఆర్4 గుర్తుపట్టలేదు. ఒకే బ్యాక్టీరియాను ఒక జంతువు పెద్దగా జబ్బుపడకుండా మోస్తూ తిరగడానికీ, మనిషికి అది కామెర్లుగా, మూత్రపిండాల జబ్బుగా మారడానికీ ఇదొక కారణమని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

2025 సెప్టెంబరులో గుంటూరు పక్కనున్న తురకపాలెంలో వరస మరణాల వార్తలు వచ్చినప్పుడు, అనుమానిస్తున్న జబ్బుగా మెలియాయిడోసిస్ పేరు మన పేపర్లలో మారుమోగింది. మట్టిలో, నీళ్లలో ఉండే బర్కోల్డేరియా సూడోమల్లై అనే బ్యాక్టీరియా దీనికి కారణం. ఇది మాక్రోఫేజ్ సంచిని చీల్చుకుని బయటపడి, కణం లోపలి పోగులనే తోకగా చేసుకుని పక్క కణంలోకి దూసుకెళ్తుంది. రక్తంలోకి రాకుండానే ఇల్లు మారుతుంది. షుగరు ఉన్నవాళ్లకు ఇది ఎక్కువగా రావడం ప్రపంచమంతా గమనించారు. రక్తంలో చక్కెర అదుపులో లేకపోతే న్యూట్రోఫిల్స్ సంఖ్య సరిగ్గానే ఉన్నా అవి చోటుకు చేరడం, మింగడం మందగిస్తాయి. దీని చికిత్స కూడా అయిదు రోజుల కోర్సుతో తీరదు. మొదట ఆసుపత్రిలో ఇంజెక్షన్లు, తర్వాత నెలల తరబడి మాత్రలు.

### వైరస్‌ల ఎత్తు: కబురు ఆపేయడం

వైరస్‌లు దాక్కోవడం కంటే ఎక్కువగా కబురు తెంచడం మీద ఆధారపడతాయి. డెంగీ వైరస్ తన ఎన్ఎస్5 ప్రోటీన్‌తో, ఇంటర్‌ఫెరాన్ సందేశాన్ని కేంద్రకానికి చేర్చే ఒక ప్రోటీన్‌ను నాశనం చేయిస్తుంది. తలుపు తట్టిన చప్పుడు వినిపిస్తుంది గానీ తలుపు తీసేవాడు ఉండడు.

డెంగీలో ఇంకో మెలిక ఉంది. డెంగీ పరీక్షలో చూసే ఎన్ఎస్1 అనే ప్రోటీన్ రక్తంలోకి వచ్చి, బ్యాక్టీరియాను పట్టడానికి పెట్టుకున్న టీఎల్ఆర్4నే కదిలిస్తుందని 2015లో పరిశోధకులు చూపించారు. వైరస్ తాలూకు సరుకు బ్యాక్టీరియా అలారం మోగిస్తోంది! దాంతో సైటోకైన్లు పెరుగుతాయి, రక్తనాళాల గోడలు వదులవుతాయి. ముల్లు గుచ్చుకున్న చోట రవ్వంత జరిగితే మేలు చేసిన పనే, ఒళ్లంతా ఒకేసారి జరిగితే గట్టు తెగిన కాలువ అవుతుంది. ద్రవం నాళాల్లోంచి బయటికి కారిపోతుంది, రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. ఇది సాధారణంగా జ్వరం తగ్గే సమయంలో, మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో వస్తుంది. "జ్వరం తగ్గింది కదా, గండం గడిచింది" అని ఇంటికి తీసుకెళ్లే రోజు కూడా అదే కావడం నన్ను ఎప్పుడూ కలవరపెడుతుంది. మనవాళ్లు చూపంతా ప్లేట్‌లెట్ల మీదే పెట్టి బొప్పాయి ఆకు రసం కోసం తిరుగుతారు. ఆ రసంతో ప్లేట్‌లెట్లు కొంచెం తొందరగా పెరిగాయని కొన్ని చిన్న అధ్యయనాలు చెప్పాయి. కారిపోతున్న ద్రవాన్ని అది ఆపుతుందన్న ఆధారం మాత్రం లేదు. డాక్టర్లు హెమటోక్రిట్ (రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే అంకె), మూత్రం, బీపీ అడుగుతుండేది అందుకే.

వేళ ఎంత ముఖ్యమో కోవిడ్ ఇంకా గట్టిగా చూపించింది. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో డెక్సామెథసోన్ అనే చవక స్టెరాయిడ్ ఇచ్చారు. అది రోగనిరోధక స్పందనను అణిచే మందు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు సుమారు 41 శాతం నుంచి 29 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు ఏ లాభమూ లేదు, నష్టం వైపే మొగ్గు కనిపించింది. మందు ఒకటే, మోతాదు ఒకటే. వైరస్ ఇంకా పెరుగుతున్నప్పుడు ఇస్తే దానికి దారి ఇచ్చినట్టు, స్పందనే జబ్బుగా మారాక ఇస్తే ప్రాణం నిలిపినట్టు.

### జ్వరాన్ని తగ్గించాలా? లంఖణం పరమౌషధమా?

జ్వరాన్ని క్రిమి తెస్తుందంటాం గానీ మంట ఎగదోసేది మెదడు. సైటోకైన్ల కబురు అందగానే హైపోథాలమస్‌లో ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనం తయారై, ఒంటి వేడి ఎంత ఉండాలన్న గురిని పైకి జరుపుతుంది. పారాసిటమాల్ పనిచేసేది ఆ దారిలోనే.

ఒక పక్షం ఇలా అంటుంది: కోట్ల ఏళ్లుగా జంతువులన్నీ ఈ పని చేస్తున్నాయంటే దానిలో లాభం ఉండాలి. 1975లో మాథ్యూ క్లూగర్ ఎడారి ఇగ్వానాలనే బల్లులకు బ్యాక్టీరియా ఎక్కించి రకరకాల వేడిలో ఉంచితే, వెచ్చగా ఉన్నవి ఎక్కువగా బతికాయి. రెండో పక్షం: మనిషికి, అందులోనూ గుండె, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లకు జ్వరం మోయడం పెద్ద భారం. 2015లో వచ్చిన హీట్ ట్రయల్ ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఐసీయూల్లో 700 మంది జ్వరం రోగుల మీద జరిగింది. పారాసిటమాల్ ఇచ్చినవాళ్లకూ ఇవ్వనివాళ్లకూ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మాత్ర వేస్తే క్రిమి రెచ్చిపోతుందన్న భయానికీ, వేయకపోతే ప్రమాదమన్న భయానికీ, రెండిటికీ అది పెద్దగా మద్దతివ్వలేదు. ఒళ్లు నొప్పులు తట్టుకోలేక వేసుకోవడంలో తప్పేమీ కనబడదు. థర్మామీటర్‌లో అంకె కోసమే గంటగంటకూ వేయడానికి ఆధారం బలహీనం.

ఆకలి చచ్చిపోవడం కూడా సైటోకైన్ల పనే. మన పెద్దలు లంఖణం పరమౌషధం అన్నారు. 2016లో అమెరికాలోని యేల్‌లో చిట్టెలుకల మీద జరిగిన ఒక ప్రయోగం ఈ మాటను రెండు ముక్కలు చేసింది. లిస్టీరియా బ్యాక్టీరియా సోకిన ఎలుకలకు బలవంతంగా గ్లూకోజ్ పెడితే ఎక్కువగా చచ్చిపోయాయి. ఫ్లూ వైరస్ సోకినవాటికి గ్లూకోజ్ అందకుండా చేస్తే ఎక్కువగా చచ్చిపోయాయి. రెండు సందర్భాల్లోనూ లోపలున్న క్రిముల సంఖ్య దాదాపు మారలేదు. మారింది ఒళ్లు తన సొంత స్పందనను తట్టుకునే శక్తి. ఇవి ఎలుకలు. మనిషికి దీన్నుంచి పథ్యం రాసే ధైర్యం ఎవరూ చేయలేదు, చేయకూడదు కూడా. అయితే వైరస్‌కూ బ్యాక్టీరియాకూ ఒళ్లు వేర్వేరు ఇంధనం కోరుకుంటుందన్న ఆలోచన మాత్రం చాలా లోతైనది.

### ఇమ్యూనిటీ పెంచుకోవచ్చా?

కోవిడ్ రోజుల్లో కషాయం మరగని ఇల్లు మన దగ్గర తక్కువ. పసుపు ఇన్‌ఫ్లమేషన్ తగ్గిస్తుందని ఒకరు, ఇమ్యూనిటీ పెంచుతుందని మరొకరు చెప్పేవారు. ఇన్‌ఫ్లమేషన్ అంటే మొదటి అంచె రక్షణ పనిచేస్తున్న తీరే. దాన్ని తగ్గించడం, పెంచడం రెండూ ఒకే గ్లాసులో ఎలా కుదురుతాయన్నది అడగాల్సిన ప్రశ్న. వేడి నీళ్లు, అల్లం, మిరియాలు గొంతుకు హాయి ఇస్తాయి. ఆ హాయి నిజమే, దానికి అంతకంటే పెద్ద పేరు అక్కర్లేదు.

పుట్టుకతో వచ్చిన రక్షణకు శిక్షణ ఇవ్వవచ్చా అన్నది మాత్రం శాస్త్రంలో నిజంగా నడుస్తున్న చర్చ. నెదర్లాండ్స్‌లో మిహాయ్ నెటియా బృందం, క్షయకు వేసే బీసీజీ టీకా వేసుకున్నవాళ్లలో మోనోసైట్లు అనే తెల్ల కణాలు కొన్ని నెలల పాటు సంబంధం లేని క్రిములకు కూడా చురుగ్గా స్పందిస్తున్నాయని చూపించింది. మన దేశంలో బీసీజీ వేయడం 1948లో మొదలైంది మన మదనపల్లెలోనే. పశ్చిమాఫ్రికాలోని గినీ-బిసావులో తక్కువ బరువుతో పుట్టిన శిశువులకు వెంటనే బీసీజీ వేస్తే మొదటి నెలలో మరణాలు తగ్గాయని డానిష్ పరిశోధకులు చెప్పారు. అదే టీకా డెన్మార్క్‌లో శిశువులకు వేస్తే ఆసుపత్రిలో చేరికలు తగ్గలేదు. వైద్య సిబ్బంది మీద చేసిన బ్రేస్ ట్రయల్‌లో కోవిడ్ నుంచి రక్షణ దొరకలేదని 2023లో తేలింది. శిక్షణ ఉందన్నది చాలామంది ఒప్పుకుంటున్నారు. ఎవరికి, ఏ జబ్బుకు, ఎన్నాళ్లు అన్నదే తేలడం లేదు.

### "ఎన్నో రోజు జ్వరం?"

రిపోర్టు కవరు తెరవకముందే మంచి డాక్టరు అడిగే ప్రశ్న ఇది. జబ్బుపడ్డ మనిషి విసుక్కుంటూ "నిన్నో మొన్నో అండీ" అంటాడు. కానీ పైన చెప్పిందంతా ఆ ఒక్క అంకె చుట్టూనే తిరుగుతుంది.

సీఆర్‌పీ అనే పరీక్ష తీసుకోండి. సీఆర్‌పీ కూడా మొదటి అంచె తాలూకు ప్రోటీనే. సైటోకైన్ల కబురుతో కాలేయం దాన్ని తయారుచేస్తుంది, అది బ్యాక్టీరియాకు అంటుకుని కాంప్లిమెంట్‌ను పిలుస్తుంది. 1930లో న్యుమోనియా రోగుల రక్తంలో మొదట కనిపించింది. స్పందన మొదలైన ఆరు గంటల తర్వాతే పెరగడం మొదలై, దాదాపు రెండు రోజులకు శిఖరానికి చేరుతుంది. జ్వరం వచ్చిన మూడో గంటలో చేయించి తక్కువ ఉందని సంతోషిస్తే అర్థం లేదు. డెంగీ ఎన్ఎస్1 మొదటి అయిదు రోజుల్లో బాగా దొరుకుతుంది, తర్వాత తగ్గుతుంది. అప్పటికి రెండో అంచె మేలుకుని ఐజీఎం యాంటీబాడీలు వస్తాయి. టైఫాయిడ్‌కు చేసే వైడాల్ పరీక్ష వెతికేది యాంటీబాడీలను కాబట్టి మొదటి వారంలో నెగటివ్ వచ్చినా టైఫాయిడ్ లేదని కాదు. పాత టీకా వల్లో పాత జబ్బు వల్లో పాజిటివ్ వచ్చినా ఉందనీ కాదు. బ్లడ్ కల్చర్ దీనికి తిరగేసి పనిచేస్తుంది. మొదటి వారంలో, యాంటీబయోటిక్ మాత్ర ఒక్కటి కూడా వేసుకోకముందు తీస్తేనే బ్యాక్టీరియా దొరికే అవకాశం ఎక్కువ. అందుకే డాక్టరు "ఎన్నో రోజు?" తర్వాత వెంటనే ఇంకో ప్రశ్న వేస్తాడు: "మెడికల్ షాపులో అడిగి ఏమైనా మందులు వేసుకున్నారా?"